ఒక్క మిల్లీమీటర్ లోతు చూడటానికి ఇంత కష్టమా? మల్టీఫోటాన్ మైక్రోస్కోపీ కథాకమామీషు

మెదడును కోయకుండానే లోపలి కణాలు పనిచేస్తుంటే చూపించే మైక్రోస్కోప్ వచ్చేసిందని అప్పుడప్పుడూ వార్తలు కనబడుతుంటాయి. చదివినవాళ్లకి వెంటనే రెండు సందేహాలు వస్తాయి. ఎంఆర్ఐ ఉండగా ఇదెందుకు? అంత గొప్పదైతే ఆసుపత్రుల్లో ఎందుకు లేదు? మొదటిదానికి జవాబు తేలికే. మామూలు ఎంఆర్ఐ బొమ్మలో ఒక చుక్క దాదాపు ఒక మిల్లీమీటర్ ఉంటుంది. చిట్టెలుక మెదడు పైపొరలో ఒక ఘన మిల్లీమీటర్‌లో సుమారు లక్ష న్యూరాన్లు పడతాయి. అంటే లక్ష కణాలు కలిసి ఒకే చుక్కగా కనబడతాయి, అందులో ఏ కణం ఎప్పుడు వెలిగిందో చెప్పే మార్గం ఉండదు. రెండో సందేహానికి జవాబు చెప్పాలంటే మాత్రం కాంతి కణజాలంలో పడే అవస్థ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

క్లుప్తంగా

మామూలు మైక్రోస్కోప్ బతికున్న కణజాలంలో కొన్ని పదుల మైక్రాన్ల లోతు దాటగానే మసకబారిపోతుంది (వెయ్యి మైక్రాన్లు కలిస్తే ఒక మిల్లీమీటర్). 1990లో వచ్చిన రెండు ఫోటాన్ల పద్ధతి (ఫోటాన్ అంటే వెలుతురులోని అతి చిన్న రేణువు) ఆ లోతును అర మిల్లీమీటర్ దాటించింది. 2013 తర్వాత మూడు ఫోటాన్ల పద్ధతి ఎలుక మెదడులో ఒక మిల్లీమీటర్ పైగా తీసుకెళ్లింది. ఇప్పుడు అసలు అడ్డంకి లెన్స్ దగ్గర లేదు. వేడి ఒకటి, వేగం ఒకటి, ఈ రెండే లోతును కట్టేస్తున్నాయి. మనుషుల విషయానికొస్తే చర్మానికీ, కోసి తీసిన కణజాలానికీ ఇది దగ్గరగా ఉంది, మెదడుకి చాలా దూరంలో ఉంది.

అరచెయ్యి వెనక టార్చ్

కరెంటు పోయిన రాత్రి ఫోన్ టార్చ్ మీద అరచెయ్యి మూసిపెడితే చెయ్యంతా ఎర్రగా వెలుగుతుంది. వెలుతురు చేతిని దాటి ఇవతలికి వచ్చిందన్నమాట. అయినా లోపలి ఎముక కనబడదు, దాని నీడ కూడా కనబడదు. ఇక్కడ రెండు పనులు జరిగాయి. నీలం, ఆకుపచ్చ రంగుల్ని రక్తంలోని హిమోగ్లోబిన్ చాలావరకు మింగేసింది కాబట్టి ఎరుపు మిగిలింది. మిగిలిన ఎరుపు కూడా తిన్నగా రాలేదు, కణాల పొరలకీ కొవ్వు బిందువులకీ తగిలి మళ్లీ మళ్లీ దారి మార్చుకుంటూ వచ్చింది. పదో తరగతిలో చదివే పరిక్షేపణం ఇదే. పాలు తెల్లగా ఉండటానికీ, చలికాలం తెల్లవారుజామున హైవే మీద హెడ్‌లైట్ వేస్తే పొగమంచు ఎదురుగా గోడలా నిలబడటానికీ కారణం ఇదే.

మైక్రోస్కోప్ కింద కణజాలానికీ ఇదే గతి. ఫ్లోరోసెంట్ రంగు ఎక్కించిన కణం మీద నీలి లేజర్ వేస్తే అది ఆకుపచ్చగా మెరుస్తుంది. చిక్కేమిటంటే, లేజర్ దారిలో పైనా కిందా ఉన్న కణాలన్నీ కూడా మెరుస్తాయి, దాంతో బొమ్మ మసకేస్తుంది. 1957లో మార్విన్ మిన్స్కీ పేటెంట్‌కు పెట్టిన కాన్ఫోకల్ మైక్రోస్కోప్ దీనికి ఒక ఉపాయం చూపింది: డిటెక్టర్ ముందు సూదిబెజ్జం పెట్టి, ఫోకస్ నుంచి తిన్నగా వచ్చిన కాంతిని తప్ప మిగతాది ఆపేయడం. పలచని నమూనాలకు ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మందపాటి కణజాలంలో మాత్రం ఫోకస్ నుంచి బయల్దేరిన మంచి కాంతి కూడా దారిలో చెదిరి బెజ్జం పక్కకి పడుతుంది, దాన్నీ పారేయాల్సిందే. పైగా చూస్తున్నది ఒక పొరనే అయినా లేజర్ మాత్రం అన్ని పొరల్నీ కాలుస్తూనే ఉంటుంది, రంగు వెలిసిపోతుంది, కణాలు దెబ్బతింటాయి.

రెండు ఫోటాన్లు ఒకేసారి తగిలితే

మల్టీఫోటాన్ పద్ధతి సమస్యను అటు నుంచి నరుక్కొచ్చింది. అన్నిచోట్లా వెలిగించి తర్వాత అక్కర్లేనిది ఏరిపారేసే బదులు, అసలు ఒకే చోట వెలిగేలా చేస్తుంది.

నీలి ఫోటాన్ ఒకటి చేసే పనిని దాని శక్తిలో సగం ఉన్న పరారుణ ఫోటాన్లు రెండు కలిసి చేయగలవు. షరతు ఏమిటంటే, రెండూ ఒకే అణువును ఒక ఫెమ్టోసెకన్ కూడా తేడా లేకుండా తాకాలి. సెకన్‌ను పది కోట్ల కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క ఫెమ్టోసెకన్. మామూలు వెలుతురులో ఇలా జరగడం ఎంత అరుదో చెప్పే లెక్క ఒకటి ఈ రంగంలో అందరి నోటా వినబడుతుంది: ఎర్రటి ఎండలో పెట్టిన రోడమిన్-బి అనే ఫ్లోరోసెంట్ రంగు అణువు ఒక్కో ఫోటాన్‌ను సెకన్‌కు ఒకసారి చొప్పున పీల్చుకుంటుంది, రెండు ఫోటాన్లను ఒకేసారి పీల్చుకోవాలంటే సుమారు కోటి ఏళ్లు పడుతుంది.

ఆ కోటి ఏళ్లను కుదించాలంటే ఫోటాన్లను చోటులోనూ కాలంలోనూ కిక్కిరిసేలా చేయాలి. చోటు సంగతి లెన్స్ చూసుకుంటుంది. కాలం సంగతి పల్స్ లేజర్ చూసుకుంటుంది. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే టైటానియం-సఫైర్ లేజర్ సెకన్‌కు 8 కోట్ల సార్లు, ఒక్కోసారి దాదాపు 100 ఫెమ్టోసెకన్లు మాత్రమే వెలుగుతుంది. ఒక్కో పల్స్ పొడవు కొలిస్తే 30 మైక్రాన్లు, వెంట్రుక మందం కన్నా తక్కువ. లెక్క వేస్తే లేజర్ మొత్తం సమయంలో లక్షా పాతిక వేలలో ఒక వంతే వెలుగుతోంది. అందుకే సగటున 10 మిల్లీవాట్లే ఖర్చవుతున్నా పల్స్ ఉన్న ఆ క్షణంలో బలం వెయ్యి వాట్లు దాటుతుంది. కణజాలం సగటు వేడినే భరిస్తుంది, అణువు మాత్రం ఆ క్షణపు బలాన్ని చూస్తుంది. ఈ పద్ధతి మొత్తం ఈ తేడా మీదే నిలబడింది.

ఇక ఫోకస్ దగ్గర ఏం జరుగుతుందో చూద్దాం. రెండు ఫోటాన్లు కావాలి కాబట్టి మెరుపు కాంతి తీవ్రత వర్గానికి తగ్గట్టు ఉంటుంది. ఫోకస్ నుంచి పైకి జరిగేకొద్దీ కిరణం వెడల్పవుతుంది, తీవ్రత పడిపోతుంది, దాని వర్గం ఇంకా వేగంగా పడిపోతుంది. ఫలితంగా ఒక మైక్రాన్ అటూ ఇటూ ఉన్న చిన్న గుళిక మాత్రమే వెలుగుతుంది, పైపొరలకి దాదాపు ఏమీ కాదు. వెలుగు ఎక్కడ పుట్టిందో ముందే తెలుసు కాబట్టి అది బయటికి ఎన్ని వంకర్లు తిరిగి వచ్చినా ఫర్వాలేదు, పట్టుకున్న ప్రతి ఫోటాన్‌నూ ఆ చుక్క ఖాతాలో వేసేయొచ్చు. సూదిబెజ్జం అవసరమే లేదు. పరారుణ కాంతి నీలి కాంతి కన్నా తక్కువ చెదరడం దీనికి తోడైన లాభం.

సిద్ధాంతం నుంచి యంత్రానికి 59 ఏళ్లు

రెండు ఫోటాన్ల శోషణ సాధ్యమేనని లెక్క కట్టి చూపింది మరియా గోపర్ట్-మేయర్, గొట్టింగెన్‌లో తన డాక్టరేట్ పనిలో, 1931లో. తర్వాత పరమాణు కేంద్రకం మీద చేసిన వేరే పనికి ఆమెకు 1963లో నోబెల్ వచ్చింది. అణువులు రెండు ఫోటాన్లను ఎంత బాగా పీల్చుకుంటాయో కొలిచే ప్రమాణానికి ఇప్పటికీ ఆమె పేరే. లేజర్ పుట్టిన మరుసటి ఏడే, 1961లో, కైజర్, గారెట్ దీన్ని ఒక స్ఫటికంలో కళ్లకు కట్టించారు. బతికున్న కణాల మీద వాడింది మాత్రం 1990లో, అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో. విన్‌ఫ్రీడ్ డెంక్, జేమ్స్ స్ట్రిక్లర్, వాట్ వెబ్ కలిసి రాసిన పత్రం అది. వాళ్లు వాడిన డై లేజర్‌ను సముదాయించడానికే నిపుణుడు కావాలి. దాదాపు అదే సమయంలో టైటానియం-సఫైర్ లేజర్ నిలకడగా ఫెమ్టోసెకన్ పల్స్‌లు ఇవ్వడం మొదలయ్యాకే ఇది భౌతికశాస్త్రవేత్తల చేతుల్లోంచి జీవశాస్త్రవేత్తల బల్లమీదకి వచ్చింది.

నిద్రపోతున్నాయనుకున్న కణాలు

ఇంత కష్టపడి బతికున్న కణజాలాన్నే ఎందుకు చూడాలన్న ప్రశ్నకి మైక్రోగ్లియా కథ కన్నా మంచి జవాబు దొరకదు. ఇవి మెదడులో కాపలా కాసే రోగనిరోధక కణాలు. చనిపోయిన మెదడు ముక్కల్లో ఇవి చెట్టుకొమ్మల్లాంటి చేతులు చాపుకుని కదలకుండా కనబడేవి. దెబ్బ తగిలిన చోట మాత్రం ఉబ్బి గుండ్రంగా ఉండేవి. అందుకని ఆరోగ్యంగా ఉన్న మెదడులోని వాటికి ‘విశ్రాంతిలో ఉన్న మైక్రోగ్లియా’ అని పేరు పెట్టారు, పాఠ్యపుస్తకాల్లోనూ అదే పేరు.

2005లో నిమ్మర్‌జాన్, కిర్చాఫ్, హెల్మ్‌షెన్ అనే ముగ్గురు, మైక్రోగ్లియా ఆకుపచ్చగా మెరిసేలా తయారైన ఎలుకల్లో పుర్రెను ఒకచోట పలచగా అరగదీసి, రెండు ఫోటాన్ల మైక్రోస్కోప్ కింద పెట్టారు. కణం ఒళ్లు ఉన్నచోటే ఉంది. చేతులు మాత్రం ఒక్క నిమిషం ఊరుకోలేదు. ఒక కొమ్మ సాగుతుంది, చివర తడుముతుంది, వెనక్కి ముడుచుకుంటుంది, పక్కనుంచి ఇంకోటి మొలుస్తుంది. ఈ లెక్కన మెదడు మొత్తాన్నీ అవి కొన్ని గంటలకోసారి తడిమి చూసేస్తున్నాయని తేలింది. తర్వాత అదే లేజర్‌ను ఇంకాస్త బలంగా ఒక సన్నని రక్తనాళం మీద ఒక్క చుక్కలో వేసి గాయం చేశారు. చుట్టుపక్కల కణాల చేతులన్నీ నిమిషాల్లో అటు తిరిగి గాయాన్ని కమ్మేశాయి. చూడటానికీ, కోయడానికీ ఒకటే పరికరం. ‘విశ్రాంతి’ అన్న మాట ఎంత తప్పో చనిపోయిన ముక్కలు ఎన్ని వేలు చూసినా తెలిసేది కాదు.

ఇలాంటి ఉదాహరణలు ఇంకా ఉన్నాయి. 2001లో బోస్టన్ పరిశోధకులు అల్జీమర్స్ తరహా ఎలుకల మెదడు మీద ఆంటీబాడీ వేసి, ఆ జబ్బులో మెదడులో పేరుకునే అమిలాయిడ్ ప్రొటీన్ గడ్డలు మూడు రోజుల్లో తగ్గిపోవడం అదే ఎలుకలో, అదే చోట చూశారు. ఇవాళ్టి అల్జీమర్స్ ఆంటీబాడీ మందుల వెనక ఉన్న ఆలోచన ఇదే. 2002లో కాలిఫోర్నియా బృందం లింఫ్ గ్రంథి లోపల టీ-కణాలు అనే రోగనిరోధక కణాలు గజిబిజిగా పరుగులు పెడుతూ ఉండటాన్ని చూపించింది.

మిల్లీమీటర్ దగ్గర గోడ, మూడో ఫోటాన్

ఎలుక మెదడు పైపొర మందం సుమారు ఒక మిల్లీమీటర్. దాని కింద తెల్లటి నరాల పొర, ఆ కింద జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్. రెండు ఫోటాన్ల పద్ధతి ఆ పైపొర సగం దాటాక ఆయాసపడుతుంది. దీనికి లెక్క ఉంది. ఆకుపచ్చ ప్రొటీన్లకు వాడే 920 నానోమీటర్ల కాంతి మెదడులో ప్రతి 150 మైక్రాన్లకూ దాదాపు మూడో వంతుకు తగ్గుతూ పోతుంది. ఒక మిల్లీమీటర్ దిగేసరికి మిగిలేది ఏడెనిమిది వందల్లో ఒక వంతు. పోనీ లేజర్ పెంచుదామంటే పైపొరలో ఫోకస్ లేకపోయినా మెరుపు మొదలవుతుంది, లోపలి బలహీనమైన సంకేతాన్ని ఆ పైవెలుగు ముంచేస్తుంది.

మూడు ఫోటాన్ల పద్ధతి ఈ రెండు జబ్బులకీ మందు వేస్తుంది. తరంగదైర్ఘ్యం 1300 నానోమీటర్లకు పెరుగుతుంది, అక్కడ కాంతి మూడో వంతుకు తగ్గడానికి 300 మైక్రాన్లు పడుతుంది. మిల్లీమీటర్ లోతులో ముప్ఫయ్యో వంతు మిగులుతుంది. ఏడెనిమిది వందల్లో ఒకటెక్కడ, ముప్ఫైలో ఒకటెక్కడ! పైవెలుగు సంగతి కూడా చూడాలి. ఫోకస్ నుంచి దూరం రెండింతలైతే రెండు ఫోటాన్ల పద్ధతిలో ఒక్కో పొర నుంచి వచ్చే అనవసరపు వెలుగు నాలుగో వంతు అవుతుంది, మూడు ఫోటాన్ల పద్ధతిలో పదహారో వంతు అవుతుంది.

తరంగదైర్ఘ్యాన్ని ఇష్టమొచ్చినట్టు పెంచలేం, ఎందుకంటే కణజాలంలో ఎక్కువ భాగం నీరే, 1450 దగ్గర నీరు కాంతిని విపరీతంగా మింగేస్తుంది. దానికి అటూ ఇటూ 1300, 1700 దగ్గర రెండు కిటికీలు తెరుచుకుని ఉంటాయి. 1700 దగ్గర కూడా నీటి పోటు కొంత తప్పదు కాబట్టి లెన్స్‌కీ నమూనాకీ మధ్య మామూలు నీటిచుక్క బదులు భారజలం వాడేవాళ్లున్నారు. మణుగూరులో అణు రియాక్టర్ల కోసం తయారయ్యేది అదే పదార్థం.

కార్నెల్‌లోనే, వాట్ వెబ్ శిష్యుడు క్రిస్ షూ బృందం 2013లో 1700 నానోమీటర్లతో, పైపొరను తొలగించకుండానే ఎలుక హిప్పోక్యాంపస్ బొమ్మ తీసింది. 2017లో 1300తో అక్కడి న్యూరాన్లు పనిచేస్తుంటే రికార్డు చేసింది. 2018లో పుర్రెను అరగదీయకుండా, దాని గుండానే చూసింది. వార్తల్లో వచ్చే ‘కోత లేకుండా’ అన్న మాట ఎక్కువగా ఇక్కడినుంచే వచ్చింది. అది ఎలుక పుర్రె, మిల్లీమీటర్‌లో చిన్న భాగం మందం. మనిషి పుర్రె చాలాచోట్ల అర సెంటీమీటర్ దాటుతుంది. శీర్షికల్లో ఈ తేడా ఎప్పుడూ జారిపోతుంది, ఆశ పెట్టుకున్న రోగుల కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు.

మూడు ఫోటాన్ల ఆలోచన లోతు కోసం పుట్టింది కూడా కాదు. 1997లో వెబ్ ప్రయోగశాలలోనే సుదీప్త మైతి, మరికొందరు కలిసి బతికున్న కణాల్లో సెరోటొనిన్‌ను దీనితో కొలిచారు. సెరోటొనిన్ ఏ రంగూ వేయకుండా తనంతట తానే మెరుస్తుంది, కాకపోతే దానికి కణాన్ని దెబ్బతీసే అతినీలలోహిత కాంతి కావాలి. ఆ శక్తిని మూడు ముక్కలు చేసి అందించారు. మైతి తర్వాత ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో ఈ పద్ధతులతోనే పని కొనసాగించారు. బెంగళూరు నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్ (ఎన్‌సీబీఎస్)లో ఉపిందర్ భల్లా బృందం 2014లో, ఎలుక ఒక సంకేతాన్ని నేర్చుకుంటుండగా హిప్పోక్యాంపస్ కణాలు ఏ వరుసలో వెలుగుతున్నాయో రెండు ఫోటాన్లతో పట్టుకుంది.

వేడికీ వేగానికీ మధ్య బేరం

మూడో ఫోటాన్ ఊరికే రాదు. మూడు ఫోటాన్లు ఒకేసారి కలవాలంటే ఒక్కో పల్స్ చాలా బలంగా ఉండాలి. పల్స్ బలం పెంచి సంఖ్య అలాగే ఉంచితే మెదడు ఉడికిపోతుంది. ఎలుక మెదడులో లేజర్ 100 మిల్లీవాట్లకు ఉష్ణోగ్రత దాదాపు 1.8 డిగ్రీలు పెరుగుతుందనీ, 250 మిల్లీవాట్లు ఆపకుండా వేస్తే శాశ్వత నష్టం మొదలవుతుందనీ 2016లో కొలిచి చూపించారు. వంట్లో రెండు డిగ్రీల జ్వరం వస్తేనే మనిషి మనిషిలా ఉండడు, న్యూరాన్లూ అంతే, కణం చావకపోయినా దాని ప్రవర్తన మారిపోతుంది, అప్పుడు కొలిచినదానికి విలువేముంటుంది?

కాబట్టి పల్స్‌ల సంఖ్య తగ్గించాలి. మూడు ఫోటాన్ల లేజర్లు సెకన్‌కు 8 కోట్ల బదులు పది లక్షల పల్స్‌ల చుట్టుపక్కల పనిచేస్తాయి. దాంతో వేగం దెబ్బతింటుంది. అడ్డంగా 512, నిలువుగా 512 చుక్కల బొమ్మలో రెండు లక్షల అరవై వేల పైచిలుకు చుక్కలుంటాయి. చుక్కకి ఒక్క పల్స్ చొప్పున ఇచ్చినా సెకన్‌కు నాలుగు బొమ్మలకు మించవు. రెండు ఫోటాన్ల పద్ధతిలో 30 బొమ్మలు తీస్తూ కూడా చుక్కకి పది పల్స్‌లు ఇవ్వొచ్చు. లోతు కావాలంటే వేగం వదులుకోవాలి, వేగం కావాలంటే వేడి భరించాలి. ఏ కొత్త యంత్రం గురించి చదివినా ఈ మూడింటిలో ఏది ఇచ్చి ఏది పుచ్చుకున్నారో వెతికితే అసలు విషయం బయటపడుతుంది.

తెలివైన బేరాలు కొన్ని కుదిరాయి. 2020లో కార్నెల్ బృందం, న్యూరాన్లు ఉన్నచోటే లేజర్ వెలిగి, మధ్య ఖాళీల్లో ఆరిపోయే ఏర్పాటు చేసింది. బొమ్మలో ఎక్కువ భాగం ఖాళీయే కాబట్టి అక్కడ ఆదా అయిన శక్తిని కణాల మీద పెట్టొచ్చు. 2021లో న్యూయార్క్‌లోని అలిపాషా వజీరి బృందం ఒక్కో పల్స్‌ను 30 ముక్కలు చేసి, కొన్ని నానోసెకన్ల తేడాతో 30 లోతులకు పంపింది. ఒక మెరుపు ఆరాకే ఇంకోటి వస్తుంది కాబట్టి ఏది ఏ లోతుదో కలవదు. ఇలా పది లక్షల న్యూరాన్ల దాకా ఒకేసారి రికార్డు చేశారు, లోతు మాత్రం రెండు ఫోటాన్ల పరిధిలోనే. దూరదర్శినుల్లో నక్షత్రాల మినుకును సరిదిద్దే వంగే అద్దాలు కూడా ఇక్కడికి చేరాయి, కణజాలం వంకర చేసే కాంతిని అవి ముందే ఎదురు వంకర తిప్పి పంపుతాయి. బొమ్మలో ఇసక చల్లినట్టు పడే నాయిజ్‌ను సాఫ్ట్‌వేర్‌తో తీసేసే పద్ధతులూ పెరుగుతున్నాయి. వీటితో కొంచెం జాగ్రత్తగా ఉండాలి, శుభ్రమైన బొమ్మలో కొంత భాగం యంత్రం ఊహించి నింపింది, కొలిచింది కాదు.

పరిగెత్తే ఎలుక తలమీద

పెద్ద మైక్రోస్కోప్ కింద ఎలుక తల బిగించి ఉంచాలి. బిగించిన ఎలుక దారి వెతకడం, తోటి ఎలుకతో మెలగడం లాంటివి సహజంగా చేయదు. 2017లో బీజింగ్‌లో చెంగ్ హెపింగ్ బృందం 2.15 గ్రాముల రెండు ఫోటాన్ల మైక్రోస్కోప్‌ను ఎలుక నెత్తిన టోపీలా పెట్టింది. పాతిక గ్రాముల జంతువుకి అది మోయగలిగే బరువే. 2022లో నార్వేలో నోబెల్ గ్రహీతలు ఎడ్వర్డ్, మే-బ్రిట్ మోజర్ల ప్రయోగశాల మూడు గ్రాముల లోపు ఇంకో నమూనాతో, స్వేచ్ఛగా తిరిగే ఎలుకలో వెయ్యికి పైగా కణాల్ని చూసింది. ఇక్కడ అసలు చిక్కు బరువు కన్నా తీగలో ఉంది. మామూలు గాజు ఫైబర్‌లో ఫెమ్టోసెకన్ పల్స్ సాగిపోతుంది, సాగితే క్షణపు బలం పోతుంది. మధ్యలో గాలి ఉండే బోలు ఫైబర్లు వచ్చాకే ఇది కుదిరింది.

ఆసుపత్రి దగ్గర

మనుషుల మెదడు విషయంలో అడ్డంకి పుర్రె ఒక్కటే కాదు. ఎలుకల్లో న్యూరాన్లు వెలిగేది వాటి జన్యువుల్లో ఫ్లోరోసెంట్ ప్రొటీన్ చొప్పించబట్టి. ఆరోగ్యంగా ఉన్న మనిషి మెదడులో ఆ పని ఎవరూ చేయరు. రంగులు లేకుండా కనబడేవి కొన్నే: కణం శక్తి వినియోగాన్ని చెప్పే ఎన్ఏడీహెచ్, చర్మంలోని ఎలాస్టిన్, మెలనిన్. కొల్లాజెన్ అయితే అసలు ఫ్లోరోసెన్స్ లేకుండానే, తగిలిన రెండు ఫోటాన్లను కలిపి సగం తరంగదైర్ఘ్యంతో తిప్పి పంపుతుంది. ఇవన్నీ దండిగా దొరికేది చర్మంలో, అదీ పైపైనే. అందుకే మనుషుల మీద వాడే మొదటి యంత్రాలు చర్మానికే వచ్చాయి, జర్మనీలో ఈ పని ముందు మొదలైంది. 2023లో చైనా అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాములు ఇలాంటి మైక్రోస్కోప్‌తో చూసింది కూడా తమ చర్మాన్నే.

ధర మరో సంగతి. ఫెమ్టోసెకన్ లేజర్‌తో కలిపి పూర్తి యంత్రం కోట్లలో ఉంటుంది, చల్లగా, కదలికలు లేకుండా ఉండే గది కావాలి, అలైన్‌మెంట్ చూసుకోవడానికి మనిషి కావాలి. తక్కువ ధర ఫైబర్ లేజర్లు వస్తున్నాయి కాబట్టి ఈ లెక్క మారే అవకాశం ఎక్కువ.

లోతు అక్కర్లేని చోటే ఇది ముందుగా అక్కరకొచ్చేలా ఉంది. కేన్సర్ ఆపరేషన్ మధ్యలో, కోసిన ముక్క అంచుల్లో ఇంకా గడ్డ మిగిలిందో లేదో తెలియాలి. ఇప్పుడు ఆ ముక్కను గడ్డకట్టించి, పలచగా కోసి, రంగు వేసి చూస్తారు, ఈలోపు సర్జన్ ఎదురుచూస్తూ ఉంటారు, రోగి మత్తులోనే ఉంటారు. మల్టీఫోటాన్‌తో అయితే అదే తాజా ముక్కకు కాసేపు రంగు పట్టించి, కోయకుండా తిన్నగా లెన్స్ కింద పెట్టేయొచ్చు. రొమ్ము, ప్రొస్టేట్ ముక్కల మీద ఈ పరీక్షలు జరుగుతున్నాయి. కావాల్సిన లోతు మిల్లీమీటర్‌లో పదో వంతు కూడా ఉండదు, ముక్క చెడదు, తర్వాత ల్యాబ్‌లో మామూలు పద్ధతిలో మళ్లీ చూసుకోవచ్చు.